నీడ మీద రాయి

ఎడారి కొండల్లోని ఘుబైరా ఊళ్ళో సూర్యుడు మర్‌హూన్ దగ్గర జీతం లేని పాలేరని చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే కొండ వెనక నుంచి తల పైకెత్తి "అయ్యా, రమ్మంటావా?" అని అడుగుతాడట. మర్‌హూన్ నోట్లోని ఖర్జూరం గింజ ఉమ్మేసి "ఊఁ, రా" అంటేనే వస్తాడట. ఒకసారి మర్‌హూన్‌కి జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగకపోతే, ఆ మూడు రోజులూ సూర్యుడు కొండ మీదే గొంతుక్కూచుని ఎదురుచూశాడనీ, ఆ వేడికే ఆ ఏడు ఖర్జూరాలు నెల ముందే పండిపోయాయనీ సుబైత్ చెబుతాడు. సుబైత్ చెప్పినదాంట్లో సగం తీసి పారేసి, మిగతా సగాన్ని సొరచేప ముక్కలాగా ఉప్పులో ఊరేసి ఎండబెట్టి, అప్పుడు నమ్మాలి. ఎంతైనా మర్‌హూన్‌కి స్వయానా బావమరిది. కోతలు కోయడం అతని జన్మహక్కు.

అసలు సంగతేమిటంటే, మర్‌హూన్ ఆ ఊరి నీరుగంటి. కొండ కడుపులోంచి సన్నటి కాలువ ఒకటి ఊళ్ళోకి దిగుతుంది. ఆ నీళ్ళు ఇంటింటికీ వంతులు. వంతు కొలిచేది నీడ. మగవాళ్ళు కూచునే సావిడి ముందు, ఎండ బాగా తగిలే చోట నిలువెత్తు కర్ర గుంజ పాతి ఉంటుంది. దాని నీడ నడిచే దారిలో వరసగా రాళ్ళు. నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి వెళ్ళడానికి అర్ధగంట. ఎవరికి ఎన్ని రాళ్ళ నీళ్ళో వాళ్ళ తాతల నాడే రాసిపెట్టి ఉంది. నీడ రాయిని తాకగానే నీరుగంటి కేకేస్తాడు, వంతు అయిపోయినవాడు మడవ కట్టేస్తాడు, తరవాతివాడు మడవ తెరుచుకుంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కేక మర్‌హూన్‌దే. అంతకుముందు వాళ్ళ నాన్నది.

ఆ గుంజ దగ్గర ఎవరూ చేతిగడియారం చూసుకోరు. చూసుకుంటే నీరుగంటి మొహాన ఉమ్మినట్టే లెక్క. మరీ అనుమానమొస్తే "రాయి పెట్టు" అని అడగొచ్చు. అప్పుడు నీరుగంటి లేచి వెళ్ళి, నలుగురి ముందూ నీడ కొస మీద గులకరాయి పెట్టి చూపించాలి. మర్‌హూన్‌ని ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అడగరు కూడా. ఎందుకంటే అతను నీడని చూడకుండానే చూస్తాడు. సావిడి మెట్టు మీద కూచుని, కింద తవ్విన నాలుగు వరసల గుంటల్లో రాళ్ళు పంచుతూ ఆట ఆడుతుంటాడు. చూపు గుంటల మీదే. గుంజ అతనికి కుడిపక్కన. కుడికంటి కొసతో నీడని పట్టుకుని ఉంటాడు, మేకపిల్లని తాడుతో పట్టుకున్నట్టు. "మెడ తిప్పేవాడు గడియారం కొనుక్కోవాలి, నీరుగంటి మెడ తిప్పకూడదు" అని వాళ్ళ నాన్న నేర్పిన విద్య. మర్‌హూన్ గర్వమంతా ఆ తిప్పని మెడలోనే ఉంది.

ఆ కుడికంటికే రెండేళ్ళ కిందట శుక్లం ఆపరేషన్ అయింది. పడుచువాడుగా ఉన్నప్పటి నుంచీ మోసిన సోడాబుడ్డి కళ్ళద్దాలు ఆ దెబ్బతో పోయాయి. ఎడమకంటి శుక్లం ఇంకా తీయలేదు. దాంతో చూస్తే లోకమంతా పాల గిన్నె ఆవిరి వెనక ఉన్నట్టుంటుంది. పోతే పోనీ, కుడికన్ను చాలు అనుకున్నాడు. అయితే మొన్న చలికాలంలో ఆ కుడికంటి మీద కూడా మళ్ళీ మీగడ కట్టడం మొదలైంది. పట్నం ఆసుపత్రి డాక్టరమ్మ చూసి నవ్వింది.

"శుక్లం తిరిగి రాలేదు బాబాయ్. లోపల పెట్టిన లెన్సు వెనక సన్నటి పొర ఉంటుంది, అది మసకబారింది. లేజర్‌తో దాంట్లో చిన్న కిటికీ తెరుస్తాను. కత్తి లేదు, కుట్టు లేదు."

గడ్డం ఒక పీట మీద ఆనించమన్నారు. మేక ఖర్జూరం గింజలు కొరికినట్టు టక్ టక్ మని చప్పుళ్ళు. ఒక టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆ సాయంత్రం ఊరికి తిరిగొస్తూ, కొండ మీద మేకలు ఎన్నో చెప్పి, వాటిలో ఏది చూలుదో కూడా చెప్పాడని సుబైత్ ప్రచారం చేశాడు.

సుబైత్‌కి తెలియనిది ఒకటుంది. పట్నంలో కాపరముంటున్న కూతురు రయ్యా చుక్కల మందు తేవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మర్‌హూన్ ఒక్కడికే ఒక మాట చెప్పింది. "మీది పొడవాటి కన్ను బాబాయ్, అందుకే అన్నేళ్ళు దళసరి అద్దాలు. ఇలాంటి కళ్ళల్లో, ఆపరేషన్ మీద లేజర్ కూడా అయ్యాక, ఎప్పుడో ఎవరికో కంటి వెనక గోడకి అతుక్కున్న పొర చిరుగుతుంది. మూడు గుర్తులు. కొత్తగా ఈగలు గుంపుగా ఎగిరినట్టుండటం. కంటి మూల మెరుపులు. పక్క నుంచి నల్లటి తెర. ఏది వచ్చినా ఆ రోజే రావాలి. మర్నాడు కాదు, ఆ రోజే." కాగితం మీద కూడా రాసిచ్చింది. మర్‌హూన్ దాన్ని నాలుగు మడతలు పెట్టి కుట్టుపని టోపీ లోపల దాచుకున్నాడు. టోపీలో దాచినది తలకి తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఖర్జూరాల కోతలు వచ్చాయి. ఒక ఆదివారం కాఫీ గిన్నె ముందు కూచుని ఉండగా ఈగ ఒకటి వచ్చింది. తోలాడు. మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు దాని చుట్టాలు. చాపల మీద ఖర్జూరాలు ఆరబోసిన రోజుల్లో ఈగలు రాకపోతే ఇంకేం వస్తాయి? ఆ ఊళ్ళో ఆ నెలలో ఎవరికైనా ముందు తట్టేది అదే. మర్‌హూన్‌కీ అదే తట్టింది.

"ఎవరికి బావా సలాములు కొడుతున్నావ్?" అన్నాడు సుబైత్ గుంటల్లో రాళ్ళు పంచుతూ.

"ఈగలు. కనపడట్లా?"

"నా చుట్టూ లేవే. నీ దగ్గర తీపి ఎక్కువేమో. మా అక్క ఇన్నేళ్ళు కాపరం చేసినా తగ్గలేదన్నమాట."

అందరూ నవ్వారు. మర్‌హూన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కన్ను తిప్పాడు. ఈగలూ తిరిగాయి. కన్ను ఆపాడు. అవి ఒక్క క్షణం ఆలస్యంగా, నీళ్ళలో మసి నలుసుల్లా మెల్లగా వచ్చి ఆగాయి. అప్పుడు నవ్వు ఆగిపోయింది. వాటికి చప్పుడు లేదు. చప్పుడు లేని ఈగ లోకంలో ఉండదు.

సోమవారం పొద్దుగూకే నమాజుకి ముందు వజూ అని కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే కుడిపక్కన తళుక్కుమంది. "జువైనా, మెరిసింది, వాన వస్తుందేమో" అన్నాడు. భార్య జువైనా పరుగున వెళ్ళి తాడు మీద బట్టలన్నీ తీసేసింది. ఆకాశం చూస్తే గీకి తోమిన పళ్ళెంలా ఉంది. "ఏ దిక్కున మెరిసింది?" అంది. దిక్కు చెప్పలేకపోయాడు. పడుకునేముందు కళ్ళు మూసుకున్నాక మళ్ళీ మెరిసింది. మూసిన రెప్ప వెనక మెరుపుకి దిక్కెక్కడిది?

ఆ రాత్రి నుంచి భయం అతనితో కాపరం పెట్టింది.

భయం చీకటి గురించి కాదు. అతను చూసిన గుడ్డితనం ఒక్కటే, నాన్నది. కణతలకి ఇటూ అటూ ఇనపకడ్డీ కాల్చి వాతలు పెట్టించారు. వాతలు మానాయి గానీ కళ్ళు రాలేదు. తొమ్మిదేళ్ళు ఇంటి గుమ్మం నుంచి మసీదు దాకా కట్టిన తాడు పట్టుకునే నడిచాడు. నడుస్తూ రోజుకి పదిసార్లు అడిగేవాడు, "నీడ ఎక్కడుందిరా?" మర్‌హూన్ చెప్పేవాడు. ఆయన తల ఊపేవాడు. ఒకరోజు మాత్రం తల ఊపకుండా, మొహం కొడుకు వైపు తిప్పి, మెల్లగా "నిజమేనా?" అన్నాడు. నలభై ఏళ్ళు ఊరికి నీడ చెప్పినవాడు. ఆ "నిజమేనా" మర్‌హూన్ చెవిలోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ రోజే రావాలని కాగితం చెప్పింది. ఆదివారం అయిపోయింది, సోమవారం అయిపోయింది. వెళితే కన్ను పోయిందని డాక్టరమ్మ చెబుతుంది. వెళ్ళకపోతే ఎవరూ చెప్పరు. భయపడ్డవాడి లెక్కలు అలాగే ఉంటాయి. "బుధవారం సుబైత్ వంతు అవనీ, గురువారం పోతాను" అనుకున్నాడు. అనుకుని టోపీ ఇంకాస్త కిందకి లాక్కున్నాడు.

బుధవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక సుబైత్ వంతు మొదలైంది. మూడో రాయి నుంచి అయిదో రాయి దాకా. అతని తరవాత మత్తార్‌ది. మత్తార్ పార పక్కన పెట్టుకుని మర్‌హూన్ ఎదురుగా ఆటకి కూచున్నాడు. మంచివాడు, మాట తక్కువ, ఆట ఇంకా తక్కువ. మర్‌హూన్ రాళ్ళు పంచుతున్నాడు. చూపు గుంటల మీద, మెడ నిటారుగా. కుడికంటి కొసలో నాలుగో రాయి మీద ఎండ. ఒక ఆట గెలిచాడు. ఇంకో ఆట మొదలెట్టాడు. కుడిపక్కన నల్లటి అంచు ఒకటి మెల్లగా జరిగి వచ్చి అయిదో రాయిని కప్పేసింది.

"మత్తార్! నీళ్ళు నీవి!"

మత్తార్ ఆట మధ్యలో లేచి పార పట్టుకుని పోయాడు. కాలువ గట్టున మడవ తిప్పిన చప్పుడు వినిపించింది. మర్‌హూన్ గుంటల్లో మిగిలిన రాళ్ళు లెక్కపెడుతూ కూచున్నాడు. ఎంతోసేపు కాలేదు, సుబైత్ మోకాళ్ళ దాకా బురదతో, పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు.

"బావా, నీ పాలేరుకి ఇవాళ పెళ్ళిచూపులా ఏమిటి? అంత తొందరపడుతున్నాడు!"

"ఏం?"

"ఏమేమిటి, నిమ్మచెట్లు రెండు వరసలు ఇంకా నాలిక బయటపెట్టుకుని చూస్తున్నాయి. నీళ్ళు మధ్యలో పోయాయి."

"నీడ దాటింది సుబైత్."

"దాటలేదు బావా."

"నేను చెబుతున్నాను, దాటింది."

సావిడిలో కునుకు తీస్తున్న ఇద్దరు ముసలాళ్ళు లేచి కూచున్నారు. సుబైత్ గుంజ వైపు చూశాడు, మర్‌హూన్ వైపు చూశాడు. అతని మొహంలో వేళాకోళం ఎలా పోయిందంటే, దీపం ఊదేసినట్టు పోయింది.

"అయితే రాయి పెట్టు" అన్నాడు.

మత్తార్ కూడా పార భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. మర్‌హూన్ లేచాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి నీడ దగ్గరికి నడిచాడు. పది అడుగులే, కొండెక్కినట్టుంది. వంగి తిన్నగా చూశాడు.

నీడ అయిదో రాయికి జానెడు ఇవతలే ఉంది. రాయి మీద ఎండ కళ్ళు చెదిరేలా పడుతోంది.

తల ఎత్తాడు. కుడిపక్కన నల్లటి అంచు అక్కడే ఉంది. సావిడి గోడ వైపు తిరిగాడు. అదీ తిరిగింది. మసీదు వైపు చూశాడు, మసీదు కుడిభుజం నల్లగా కొరుక్కుపోయి ఉంది. గుంజకి లేని నీడ, చెట్టుకి లేని నీడ, ఎండతో పని లేని నీడ అది.

గులకరాయి చేతిలోకి తీసుకున్నాడు. పెట్టక తప్పదు. నీడ కొస మీదే పెట్టాడు, అందరికీ కనపడేట్టు.

"మబ్బు అడ్డొచ్చింది" అన్నాడు.

అందరూ ఆకాశంలోకి చూశారు. జూన్ నెలలో, ఎడారి ఎండలు మండే ఆ ఆకాశంలో, మబ్బు! మత్తార్ చిన్నగా దగ్గాడు. ఇలాంటి అవకాశం కోసం సుబైత్ నలభై ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఈ ఒక్క మబ్బుతో పది సంవత్సరాలు ఊరిని నవ్వించొచ్చు. సుబైత్ నోరు తెరిచాడు. బావ మొహం చూసి మూశాడు.

"మబ్బా... సరే బావా. మబ్బే అయ్యుంటుంది" అన్నాడు మెల్లగా. మత్తార్‌తో కలిసి నీళ్ళు మళ్ళీ తిప్పుకోవడానికి వెళ్ళిపోయాడు.

సుబైత్ వేళాకోళం చేయలేదు! మర్‌హూన్‌కి నల్లటి అంచు కన్నా అదే ఎక్కువ భయమేసింది. చచ్చిపోయేవాడితోనే సుబైత్ అంత మర్యాదగా మాట్లాడతాడు.

ఇంటికెళ్ళి గోడకి ఎదురుగా కూచున్నాడు. సంచి తగిలించే మేకు ఒకటి ఉంది. ఎడమకన్ను చేత్తో మూసి, కుడికంటితో మేకునే చూస్తూ, నల్లటి అంచు గోడ మీద ఎక్కడిదాకా ఉందో అక్కడ బొగ్గుతో గీత గీశాడు. కదలకుండా కూచున్నాడు. కొలవడమొక్కటే అతనికి తెలిసిన విద్య, భయమేసినప్పుడు మనిషి తెలిసిన పనే చేస్తాడు. చాలాసేపు, గోడ మీద కిటికీ ఎండ రెండు ఇటుకలు జరిగేదాకా ఆగి మళ్ళీ చూశాడు. అంచు గీతని దాటి మేకు వైపు ఒక వేలు వెడల్పు జరిగింది.

నీడ నడుస్తోంది. చూపు మధ్యలో ఉన్న మేకు దాకా నడుస్తుంది. అక్కడికి చేరాక కేకెయ్యడానికి నీరుగంటి ఉండడు.

జువైనా కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. చెయ్యి చాచాడు, గిన్నె బోర్లాపడింది.

"పక్కనే పెట్టాను కదా, చూసుకోవద్దూ?" అంది. అని ఆగిపోయింది. గోడ మీద బొగ్గు గీతలు చూసింది. ముందుకొచ్చి కూచుని, అతని ఎడమకంటి మీద తన అరచెయ్యి పెట్టింది. రెండో చెయ్యి అతని కుడిపక్కకి చాచింది.

"ఎన్ని వేళ్ళు?"

"ఎక్కడ?"

జువైనా చెయ్యి దించేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆదివారం ఈగలు. సోమవారం..."

"సోమవారం మెరిసిందని నా చేత బట్టలు తీయించావు! ఆ మెరుపు నీ కంట్లోదా? రయ్యా వాళ్ళ నాన్నా, నువ్వు ఊరందరికీ పొద్దు చెబుతావు, ఇంట్లో ఆడదానికి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

మర్‌హూన్ టోపీ తీసి కాగితం ఇచ్చాడు. చెమటకి తడిసి మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. జువైనా చదివింది. 'ఆ రోజే' అన్న మాట దగ్గర ఆగి, చీర కొంగు లాంటి తలముసుగుతో మొహం తుడుచుకుని లేచింది. "మా తమ్ముడి బండి ఉంది. లే."

"సావిడి దగ్గర ఒక్క నిమిషం ఆపాలి."

"సావిడా! కన్ను ఆరిపోతుంటే సావిడేమిటి?"

"మబ్బు అని అబద్ధం చెప్పాను జువైనా. ఈ కన్ను పోతే, ఈ ఊరికి నేను చెప్పిన ఆఖరి పొద్దు అబద్ధమవుతుంది."

ఆమె సుబైత్‌ని కేకేసి బండిలో ముందు సీటు తుడిచింది.

సాయంత్రం నమాజుకి జనం మూగుతున్నారు. మర్‌హూన్ బండి దిగి గుంజకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నీరుగంటి పదవికి గుర్తైన చేతికర్ర రెండో చేతిలో ఉంది.

"వినండి. మధ్యాహ్నం మబ్బు రాలేదు. నేను చూసిన నీడ గుంజది కాదు, నాది. నా కంట్లోది. మూడు రోజులుగా తెలుసు, చెప్పలేదు. సుబైత్ నిమ్మచెట్లకి తక్కువపడ్డ నీళ్ళు నా వంతులోంచి ఇచ్చుకోండి. ఈ కర్ర ఇంకొకళ్ళు పట్టుకోండి."

కర్ర సుబైత్ వైపు చాచాడు. సుబైత్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దు బావా! నేను పొద్దు చెబితే పొద్దే నమ్మదు. మత్తార్‌కి ఇయ్యి, నువ్వు తిరిగొచ్చేదాకా పట్టుకుంటాడు. వాడికి అబద్ధం చెప్పేంత తెలివి లేదు."

మత్తార్ కర్ర అందుకున్నాడు. అందుకుని, ఎవరూ అడక్కుండానే గుంజ దగ్గరికి నడిచి, వంగి, నీడ కొస మీద గులకరాయి పెట్టాడు. అతని మెడ పూర్తిగా తిరిగి ఉంది. మర్‌హూన్ అది చూసి బండెక్కాడు.

పట్నానికి రెండు గంటల దారి. సుబైత్ తోలుతున్నాడు, జువైనా వెనక సీట్లో జపమాల తిప్పుతోంది. ప్రతి గతుక్కీ కంట్లో మెరుపు, ప్రతి మెరుపుకీ మర్‌హూన్ సీటు అంచు పట్టుకోవడం. నల్లటి అంచు ఇప్పుడు కుడివైపు కిటికీని మింగేసి, బండి అద్దంలోకి దిగుతోంది.

"మెల్లగా తోలు" అన్నాడు.

"మెల్లగా తోలితే ఆలస్యమవుతుంది."

"వేగంగా తోలితే కదులుతుంది."

సుబైత్ మెల్లగానూ కాకుండా వేగంగానూ కాకుండా తోలాడు. ఆ విద్య అతనికి ఆ రోజే వచ్చింది.

"ఏదైనా చెప్పు సుబైత్. చెబుతూ ఉండు."

"మా తాత ఒంటె కథ చెప్పానా? ఒంటికన్ను ఒంటె. ఆ ఒక్క కంటితోనే ఈ కొండ మీద నిలబడి సముద్రం చూసేది. పడవలు ఏ రేవుకి వస్తున్నాయో చెప్పేది. ఒకసారి చేపలు చౌకగా ఉన్నాయని..." మోచేత్తో కన్ను తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. "చేపలు చౌకగా ఉన్నాయని తనే వెళ్ళి కొనుక్కొచ్చింది. తాత అడిగాడు, డబ్బులెక్కడివే అని..."

"ఏడుస్తున్నావా?"

"ఛ. ఈగ పడింది కంట్లో."

"చప్పుడు చేసిందా?"

"చేసింది."

"అయితే నిజం ఈగే. భయం లేదు" అన్నాడు మర్‌హూన్. వెనక నుంచి జువైనా జపమాల ఆగి, మళ్ళీ తిరిగింది.

కబురందుకుని ఆసుపత్రి గుమ్మంలో రయ్యా నిలబడి ఉంది. "నాన్నా" అని చెయ్యి కుడిపక్క నుంచి పట్టుకుంది. అతను ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటుకి ఆమె మొహం తెల్లబోయింది. డాక్టరమ్మ చుక్కలు వేసి, నుదుటికి దీపం కట్టుకుని చాలాసేపు చూసింది. పైకి చూడు, కిందకి చూడు, ఎడమకి చూడు. ఎంతసేపటికీ మాట్లాడలేదు. మాట్లాడని డాక్టరు ముందు కూచోవడం కన్నా పులి ముందు కూచోవడం నయం.

"లోపలి పొర చిరిగి, గోడ నుంచి ఊడి వస్తోంది బాబాయ్. చూపుకి అసలు చోటు మధ్యలో ఉంటుంది. అదింకా అంటుకునే ఉంది. ఎంత అంచున ఉందో నాకు తెలియాలి. తెర ఎప్పుడు మొదలైంది? కదులుతోందా? మామూలుగా ఎవరూ సరిగ్గా చెప్పలేరు..."

"మధ్యాహ్నం నమాజు అయ్యాక రెండు రాళ్ళు కూడా గడవకుండా... ఉండమ్మా, నీకు రాళ్ళు తెలియవు." మర్‌హూన్ గోడ మీద మేకు కోసం వెతికాడు. లేదు. తన బొటనవేలు నిలబెట్టాడు. "ఇది మా గోడ మీది మేకు అనుకో. నేను ఇంత దూరంలో కూచున్నాను. నల్ల అంచు మొదట ఇక్కడుంది. సాయంత్రం నమాజు వేళకి ఒక వేలు వెడల్పు జరిగింది. దారిలో ఇంకో వేలు. ఇదే నడకైతే పొద్దుటి నమాజు వేళకి మేకు దగ్గరికొస్తుంది."

డాక్టరమ్మ అతని బొటనవేలు వైపు, అతని వైపు చూసింది. పక్కనున్న నర్సుతో అంది, "పొద్దున ఆపరేషనని రాసింది కొట్టేయండి. ఇవాళే చేద్దాం."

చేతికర్ర లేని చెయ్యి ఏం చెయ్యాలో తెలియక మర్‌హూన్ టోపీ తీసి రయ్యాకి ఇచ్చాడు. లోపల ఖాళీగా ఉంది.

ఆపరేషన్ అయ్యాక కంట్లో గాలి బుడగ పెట్టారు, ఊడిన పొరని గోడకి నొక్కి పట్టుకోవడానికి. పది రోజులు బోర్లా ఉండాలి, తల నేలకేసి. ఎత్తుకెళితే ఆ బుడగ ఉబ్బుతుంది, అందుకని అది కరిగేదాకా కొండెక్కకూడదు, ఘుబైరా మొహం చూడకూడదు. రయ్యా ఇంట్లో మంచం కొసన రెండు దిండ్ల మధ్య మొహం కిందికి పెట్టుకుని, నేల మీద పలకల గీతలు చూస్తూ పడుకున్నాడు. చుక్కల మందు కోసం లేపి కూచోబెట్టినప్పుడు కుడికంట్లో ఒక నీటిమట్టం ఊగుతూ కనపడేది, పైన మసక వెలుతురు, కింద తళతళ. మట్టం రోజుకింత దిగుతుందనీ, దిగినకొద్దీ పైనుంచి చూపు వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. "పొర అంటుకున్నట్టే ఉంది. అలాగే నిలవాలి. ఇప్పుడే మాటివ్వలేను" అని కూడా చెప్పింది. రోజూ లేచి కూచున్నప్పుడల్లా ఆ మట్టాన్ని చూస్తాడు. దిగిందా? లేక దిగాలన్న ఆశా? రాయి పెట్టి చూద్దామంటే కంటి లోపల రాయి పెట్టే చోటు లేదు. మట్టం పక్కన చీకటి మళ్ళీ మొదలైందేమో అనుకుని రోజుకి నూరుసార్లు ఊపిరి బిగపడతాడు.

ఆరో రోజు సుబైత్ వచ్చాడు. బోర్లా ఉన్న మనిషితో మాట్లాడటం ఎలాగో కాసేపు అటూ ఇటూ తిరిగి చూశాడు. చివరికి మంచం కింద నేల మీద వెల్లకిలా పడుకుని జరిగి జరిగి వచ్చి, సరిగ్గా బావ మొహం కింద మొహం పెట్టాడు.

"ఆఁ. ఇప్పుడు కనపడుతున్నానా?"

"గడ్డం కనపడుతోంది. మధ్యలో ఏదో ఉంది."

"అది ముక్కు. మా వంశానిది."

కొంతసేపు ఊరి సంగతులు చెప్పాడు. నిమ్మచెట్లు కోలుకున్నాయట. మత్తార్ రోజుకి అరవై సార్లు మెడ తిప్పడంతో వాడి మెడ ఇప్పుడు వెనక్కి కూడా చూస్తోందట. మర్‌హూన్ వింటున్నాడు. నోట్లో ఒక ప్రశ్న తిరుగుతోంది. అడిగితే నాన్న గొంతు వస్తుందని భయం. అయినా ఆగలేకపోయాడు.

"నువ్వు బయల్దేరేటప్పటికి నీడ ఎక్కడుంది సుబైత్?"

సుబైత్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రెండో రాయికి నాలుగు వేళ్ళు ఇవతల. నేనే వంగి కొలిచాను."

జీవితంలో ఒక్క నిజమైనా కొలిచి చెప్పని మనిషి. ఒంటెల చేత చేపలు కొనిపించే మనిషి. మర్‌హూన్ నాలిక చివరికి ఆ పాత మాట వచ్చింది, నిజమేనా అని. కింద నుంచి సుబైత్ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

మర్‌హూన్ ఆ మాట మింగేశాడు. దిండ్ల మధ్య తల చిన్నగా ఊపాడు.

కట్టు కట్టని ఎడమకంటి లోంచి ఒక చుక్క జారి, తిన్నగా సుబైత్ మొహం మీద పడింది.

"చుక్కల మందు నాకెందుకు బావా" అన్నాడు సుబైత్ తుడుచుకోకుండా. "నా కళ్ళు బాగానే ఉన్నాయి."